కాళ్ల హార్మనీ ఎవరికివ్వాలి?

ప్రశ్న: మాది తెనాలి. మా నాన్నగారు నలభై ఏళ్లు పద్యనాటకాలకు హార్మోనిస్టుగా చేశారు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన కాళ్ల హార్మనీ (కాళ్లతో తొక్కుతూ వాయించే హార్మోనియం) హాల్లో అలాగే ఉంది. టేకుది, బాగా బరువు. మూత మీద ఆయన కిళ్లీ డబ్బా పెట్టుకున్న చోట గుండ్రటి మచ్చ కూడా పోలేదు. ఇప్పుడు ఇల్లు అమ్మేసి, అమ్మను తీసుకుని హైదరాబాదులో మా అబ్బాయి ఫ్లాటుకు వెళ్లిపోతున్నాం. అక్కడ దానికి చోటు లేదు. పాతసామాన్ల వ్యాపారి ఒకాయన 30,000 ఇస్తానన్నాడు, ఏదో రిసార్టులో అలంకారానికట. పక్క ఊళ్లో నాటకాలకు వాయించే కుర్రాడొకడున్నాడు, నాన్నగారి దగ్గర కొన్నాళ్లు నేర్చుకున్నాడు. 8,000 అయితే రెండు వాయిదాల్లో ఇచ్చుకుంటానంటున్నాడు. మా వీధి రామాలయం భజన వాళ్లు ఊరికే ఇమ్మంటున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు "నాన్న వస్తువు అమ్ముతావా, నేనొచ్చేదాకా ఉంచు" అని ఫోనులో కేకలేస్తున్నాడు. వాడొచ్చి నాలుగేళ్లయింది. అమ్మ ఏమీ అనట్లేదు. నాకైతే నాన్నను బేరం పెట్టినట్టుంది. ఏం చేయమంటారు?
(పేరు వేయొద్దన్నారు)

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన వేసింది అందులో పిసరంత. ఆ నాలుగు పేజీల్లో మీ నాన్నగారు రెండున్నర పేజీలున్నారు, తమ్ముడు ఒకటిన్నర పేజీ. అమ్మగారికి మీరిచ్చింది మూడు మాటలు: "అమ్మ ఏమీ అనట్లేదు". నాకు ఉత్తరమంతట్లోనూ ఆ మూడు మాటల దగ్గరే కాలు ఆగింది. ఈ పెట్టె మీ నాన్నగారిదని మీరంటున్నారు. దాన్ని నలభై ఏళ్లు తుడిచిందెవరు? రాత్రంతా నాటకం ఆడి, తెల్లవారుజామున మొదటి బస్సు టాపు మీద పెట్టెతో దిగిన మనిషికి తలుపు తీసిందెవరు? హార్మనీ మీద వచ్చిన డబ్బుతో ఇల్లు నడిపింది, రాని నెల కూడా నడిపిందెవరు?

కాబట్టి ముందు అమ్మగారిని అడగండి. "అమ్మాలా, వద్దా?" అని మాత్రం అడగకండి. అలా అడిగితే ఆ తరం ఆడవాళ్లు "మీ ఇష్టం" అంటారు, అక్కడితో అయిపోతుంది. "అమ్మా, ఇది మనింటికి ఎప్పుడొచ్చింది? ఎంత పెట్టి కొన్నారు?" అని అడగండి. ఇంట్లో గాజులో గొలుసో తాకట్టుకు పోకుండా పెట్టె కొన్న హార్మోనిస్టును నేను తక్కువగా చూశాను. మీ ఇంట్లో అలా జరిగిందో లేదో నాకు తెలీదు. జరిగుంటే మాత్రం అది ఎవరి వస్తువో, ఎవరు నిర్ణయించాలో మీకే అర్థమవుతుంది. "ఎవరికో ఒకరికి ఇచ్చేయవే, దాన్ని తుడవలేక నా నడుం విరిగింది" అని ఆవిడ అనొచ్చు కూడా. అన్నా నొచ్చుకోకండి. ఆవిడకు ఆ పెట్టెతో ఉన్న లెక్కలు వేరు.

తమ్ముడి సంగతి. దూరాన ఉన్నవాళ్లకు ఇంట్లో ప్రతి వస్తువూ తాము వదిలి వెళ్లిన చోటే ఉండాలనిపిస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు తమ ఇల్లని గుర్తుపట్టాలి కదా. అతన్ని తప్పుపట్టను. కానీ కోరికకు ఖర్చుంటుంది, అది ఎప్పుడూ దగ్గరున్నవాళ్ల మీదే పడుతుంది. "నీకు కావాలంటే ఓడలో తెప్పించుకో, ఖర్చు నీది. లేదంటే గోదాము అద్దె నెలనెలా పంపు, ఉంచుతాను. నెలాఖరులోగా చెప్పు" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి. రాసి పంపితే ఇంకా మంచిది, ఫోనులో మాట మీద మాట పెరుగుతుంది. ఏ మాటా రాకపోతే మీ పని మీరు చేసుకోండి.

ఇక "ఉంచడం" అంటే ఏమిటో కూడా చూద్దాం. ఆరేళ్లుగా మూత తీయని హార్మనీ అంటే మనం ఉంచుకున్న హార్మనీ కాదండీ, మన కళ్లముందే పోతున్న హార్మనీ. మీది డెల్టా ప్రాంతం, వానాకాలంలో గోడలు చెమ్మ పీలుస్తాయి. చెక్క ఉబ్బి మెట్లు (వేళ్లతో నొక్కే కీలు) నొక్కితే కిందే ఉండిపోతాయి. గాలి ఊదే తిత్తులకు అతికిన తోలు ఎండి పగులుతుంది, లేదా బొద్దింకలకు ఆహారమవుతుంది. లోపల స్వరం పలికించే సన్నటి ఇత్తడి రేకు, అదే రీడు, దాని మీద నలకంత దుమ్ము పడినా ఆ మెట్టు పలకదు, పలికినా జీరగా పలుకుతుంది. రోజూ వాయించే పెట్టెలో గాలి ఆడుతూ ఉంటుంది కాబట్టి ఆ దుమ్ముకు నిలవడానికి తీరిక ఉండదు. ఇవాళే ఒక పని చేయండి. మూత తీసి, తొక్కుడు పలకలు తొక్కుతూ, ఎడమ నుంచి కుడికి ఒక్కో మెట్టూ నొక్కండి. పలకనివి ఎన్నో కాగితం మీద రాసుకోండి. ఆ లెక్క చూశాక, 'నాన్నను బేరం పెడుతున్నాను' అనే మాట ఇంత గట్టిగా వినిపించదు.

వాయించేవాళ్లు లేని చోట వాద్యం ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసింది నా తప్పు వల్లే. మా అత్తగారిది బొబ్బిలి వీణ. గొల్లపల్లిలో చేసినది, కుండా దండీ అంతా ఒకే పనస దుంగలోంచి తొలిచింది. ఆవిడ పోయాక ఇంట్లో ఎవరికీ రాదు. అమ్మడానికి మనసొప్పక, ఒక బడికి ఇచ్చాం. శాలువా కప్పారు, ఫోటో తీశారు, మేమూ గర్వపడ్డాం. రెండేళ్ల తర్వాత ఆ దారిన పోతూ లోపలికి వెళ్లాను. కిటికీ పక్కన, ఎండ తగిలేచోట, చుట్టచుట్టిన చార్టుల కింద ఉంది వీణ. వీణ మెట్లు తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి నిలబెడతారు కదా. ఎండకు ఆ మైనం మెత్తబడి, మెట్లు చూరునుంచి జారిన పెంకుల్లా ఒకదాని మీదికొకటి ఒరిగాయి. తంత్రులు రెండు లేవు. వాళ్లను చాలా రోజులు తిట్టుకున్నాను. చివరికి ఒప్పుకోవాల్సి వచ్చింది: ఆ బడిలో వీణ నేర్పే టీచరే లేదు. ఇచ్చేముందు ఆ ఒక్క మాట నేనడగలేదు. నాకు కావాల్సింది అమ్మాననే మాట పడకుండా తప్పించుకోవడం. ఆ వీణకు కావాల్సింది వేళ్లు.

ఆ అనుభవంతోనే మీ పెట్టె అడుగుతున్న ముగ్గురినీ చూస్తాను.

వ్యాపారి మోసగాడేం కాదు, 30,000 తక్కువ డబ్బూ కాదు. మీకు డబ్బు అవసరమే అయితే, ఇల్లు మారే ఖర్చో అమ్మగారి మందులో ఉంటే, ఆయనకిచ్చేయండి, ఎవరూ మిమ్మల్ని అనకూడదు. కానీ ఉత్తరంలో మీరు డబ్బు ఇబ్బంది గురించి ఒక్క ముక్కా రాయలేదు. రిసార్టులో దాని మీద పూలకుండీ పెడతారు, వచ్చినవాళ్లు పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. మెట్లు పలకాల్సిన అవసరం అక్కడ లేదు. చెక్క మెరిస్తే చాలు. ముందుగా పాలిష్ చేయిస్తారు. మీ నాన్నగారి కిళ్లీ డబ్బా మచ్చ ఆ రోజే పోతుంది.

భజన వాళ్లకు ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. శనివారం శనివారం మోగుతుంది, పుణ్యమూ వస్తుంది. ఇక్కడ చిక్కు భక్తిలో లేదు, కూర్చోవడంలో ఉంది. భజనలో అందరూ చాప మీద కూర్చుంటారు. వాళ్లకు పనికొచ్చేది చేతి హార్మోనియం, ఒక చేత్తో తిత్తి కొడుతూ ఇంకో చేత్తో మెట్లు నొక్కేది. మీదానికి కుర్చీ కావాలి, కాళ్లు కావాలి. నాలుగు వారాలు కుర్చీ వేసుకుని వాయిస్తారు, ఐదో వారం దాని మీద ప్రసాదం పళ్లెం పెడతారు. కావాలంటే వ్యాపారి ఇవ్వని డబ్బు మీరే కొంత వేసి ఒక చిన్న చేతి హార్మోనియం వాళ్లకు కొనివ్వండి. మీ నాన్నగారి పేరున.

ఆ కుర్రాడు. కాళ్ల హార్మనీ ఎందుకు పుట్టిందో అర్థమయ్యేది నాటకాల వాళ్లకే. గాలి పని కాళ్లకు అప్పజెప్పితే రెండు చేతులూ మెట్ల మీద ఉంటాయి. పద్యం చివర నటుడు రాగం ఎత్తుకుని ఎక్కడికి వెళ్తాడో అతనికే తెలీదు. స్టేజీ పక్కన కూర్చున్న హార్మోనిస్టు అతని పెదవులు చూస్తూ, వెనకాలే పోతూ, ఊపిరి అందని చోట రెండు చేతులా స్వరం నింపి, మళ్లీ శృతిలోకి దింపుతాడు. కృష్ణరాయబారంలో పడకసీనైనా, హరిశ్చంద్రలో కాటిసీనైనా "వన్స్ మోర్" పడితే నటుడికి దండ వేస్తారు. హార్మోనిస్టు మంచినీళ్లు తాగుతాడు. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలు వేసి మెప్పించిన రామవిలాస సభ మీ ఊరిదే, ఇదంతా మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఈ పెట్టెను మహా గౌరవంగా భద్రపరిచే పెద్ద చోటేదో ఎక్కడో ఉండే ఉంటుందని మీకు లోపల ఆశ ఉన్నట్టుంది, మ్యూజియం మాట రెండుసార్లు ఎత్తారు. హార్మోనియానికి పెద్దల దగ్గర మర్యాద ఎప్పుడూ తక్కువే. 1840లలో పారిస్‌లో పుట్టింది. మనవాళ్లు నేల మీద కూర్చుని వాయించుకునే చేతి పెట్టెను 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేశారంటారు. తర్వాత ఊరూరా పాకింది. కానీ మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరం ఊగుతూ జారే గమకం దాని మీద పలకదని విద్వాంసులు ఒప్పుకోలేదు. 1940లో ఆకాశవాణి అయితే నిషేధమే పెట్టింది. మళ్లీ తలుపు కాస్త తెరిచింది 1971లో. ఆ ముప్ఫై ఏళ్లూ ఈ పెట్టెకు అన్నం పెట్టింది రేడియో కాదు, సభలు కాదు. తిరునాళ్ల పందిళ్లు, రాత్రి తొమ్మిదికి మొదలై కోడి కూసేదాకా సాగే నాటకాలు. దాన్ని ఎవరు పోషించారో వాళ్ల మధ్యకే పంపితే తప్పేముంది? మ్యూజియానికి కావాల్సింది అరుదైన వస్తువు. మీదాంట్లో అరుదైనది దాని మీద ఆడిన వేళ్లు, వాటిని అద్దాల పెట్టెలో పెట్టలేరు.

అయినా కుర్రాడికి కళ్లు మూసుకుని ఇచ్చేయమనను. ఒక సాయంత్రం పిలవండి. టీ ఇచ్చి, వాయించమనండి. పాట ఎంత బాగా వాయించాడో చూడక్కర్లేదు. వాయించాక "ఎలా ఉంది బాబూ?" అని అడగండి. "సూపర్ గా ఉందమ్మా" అంటే కాస్త ఆలోచించండి. "నాలుగున్నర మెట్టు (నాలుగుకూ ఐదుకూ మధ్య ఉండే నల్లది) పలకట్లేదు, ఎడమ తిత్తి గాలి వదులుతోంది, ఫలానా చోట బాగుచేయించాలి" అంటే మనిషి దొరికినట్టే. పెట్టె ఎక్కడ పెడతాడో అడగండి. రేకుల షెడ్డయితే, వాన కొట్టే వరండా అయితే మొహమాటం లేకుండా చెప్పండి. ఇప్పుడు నాటకాల్లో కీబోర్డే ఎక్కువ, అతనూ బయటికి అదే పట్టుకెళ్తుండొచ్చు. మీది ఇంట్లో సాధనకు వాడుకుంటానన్నా చాలు. అది కూడా మోగడమే.

డబ్బు తీసుకోండి. ఇక్కడ చాలామంది నాతో ఒప్పుకోరని తెలుసు. "శిష్యుడు కదా, ఊరికే ఇచ్చేయండి" అంటారు. ఊరికే ఇచ్చిన వస్తువుకు ఇద్దరూ బందీలవుతారు. మీరు నెలకోసారి ఫోను చేసి "పెట్టె ఎలా ఉంది బాబూ" అంటారు. అతనికి ఒక మెట్టు విరిగితే మీకు చెప్పడానికి భయం వేస్తుంది. రెండేళ్లు తిరక్కుండానే మీ నంబరు చూసి ఫోనెత్తడు. డబ్బిచ్చి కొనుక్కుంటే అది అతని పెట్టె, బాగుచేయించినా రంగు వేయించినా అతని ఇష్టం. 8,000 అన్నాడు, 8,000 తీసుకోండి, పెంచకండి, తగ్గించకండి. రెండో వాయిదా శ్రీరామనవమి పందిళ్లు అయ్యాక ఇమ్మనండి. నాటకాల వాళ్ల చేతిలో డబ్బు ఆడేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. ఆ డబ్బు అమ్మగారి చేతిలో పెట్టండి.

షరతు ఒక్కటే పెట్టుకోండి: "నీకు అక్కర్లేని రోజు వస్తే, ఇంకొకరికి ఇచ్చేముందు మాకో మాట చెప్పు." అంతకు మించి ఏ ఒట్టూ వేయించకండి. అమ్మనని ఒట్టు వేసినవాడికి రేపు ఇంట్లో ఆసుపత్రి ఖర్చు రాకూడదా?

ఇచ్చేముందు చేయాల్సినవి ఇంకొన్ని. ఫోనులో రికార్డు చేయండి. ఒక్కో మెట్టూ విడివిడిగా, ఆ జీరలు, కిర్రులతో సహా. తొక్కుడు పలకల చప్పుడు కూడా. మీ నాన్నగారు నాటకానికి ముందు పెట్టె తెరిచి మొదట ఏం వాయించేవారో అమ్మగారికి గుర్తుంటుంది. ఆ రాగం కుర్రాడి చేత వాయించి, అమ్మగారు పక్కన ఉండగా తీయండి. అది తమ్ముడికి పంపండి. అతని కోపానికి అది కాస్త చోటిస్తుంది.

శృతి మాత్రం ఇప్పుడు సరిచేయించకండి. అమ్మేముందు అంతా బాగుచేసి ఇద్దామని మీకు అనిపిస్తుంది, వద్దు. రీడు శృతి మార్చడమంటే ఇత్తడిని గీకడమే. కొస దగ్గర గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. గీకిన ప్రతిసారీ లోహం కాస్త పోతుంది, తిరిగి రాదు. పాత పెట్టె శృతి ఇప్పటి కీబోర్డు శృతితో కలవకపోవచ్చు. కలపాలా, నాన్నగారు వదిలిన శృతిలోనే ఉంచాలా అన్నది వాయించేవాడు తేల్చుకోవాలి. ఫోనులో తంబూరా యాప్ పెట్టి ఎంత తేడా ఉందో చూసి చెబితే చాలు, అతనికి పనికొస్తుంది.

ఆ కుర్రాడు బాగుచేసే మేస్త్రీని తెచ్చి మెట్ల పలక ఎత్తించినప్పుడు మీరు దగ్గరుండండి. పాత హార్మోనిస్టులు మెట్ల పక్క చెక్క మీద పెన్సిలుతో శృతులు గుర్తు పెట్టుకునేవాళ్లు. నటుడి పేరు, పక్కన అతని శృతి: నాలుగు, నాలుగున్నర, ఆరు. మీ నాన్నగారి రాత ఉందేమో చూడండి. ఉంటే ఫోటో తీసుకోండి, చెక్క పీకి దాచుకోకండి. కొత్తగా వాయించేవాడికి అవి పనిముట్లు. ఒక్క వస్తువు మీదగ్గర ఉంచుకోవాలనిపిస్తే ఆ కిళ్లీ డబ్బా ఉంచుకోండి. హైదరాబాదు ఫ్లాటులో దానికి చోటు దొరుకుతుంది.

పంపేరోజు వాన లేకుండా చూసుకోండి. తొక్కుడు పలకల పట్టీలు విప్పి విడిగా కట్టండి, కాళ్లు మడిచే రకమైతే మడవండి. తిత్తులు ఊగకుండా పాత పంచె చుట్టి తాడు వేయండి. టాటా ఏస్‌లో నిలువుగానే పెట్టాలి, కింద బొంత పరిచి. పక్కన ఒక మనిషి కూర్చుని పట్టుకోవాలి, గోతులొచ్చిన చోట డ్రైవరును నెమ్మదిగా పొమ్మనాలి. కూర్చునే మనిషి ఆ కుర్రాడే అయితే మంచిది.